వోల్వో కార్ల దీర్ఘాయువు

స్వీడను దేశమున పాత కారు కొనబోవువాడు అమ్మువానిని మొట్టమొదట అడుగు ప్రశ్న, ఈ బండి యెన్ని మిల్‌లు తిరిగినది, అనునది. ఆ దేశస్థుల వాడుకలో మిల్ అనగా పది కిలోమీటర్లు. కావున ముప్పదివేల మిల్‌లు తిరిగిన బండి మూడు లక్షల కిలోమీటర్లు నడచిన బండి యన్నమాట. అంతటి సంఖ్య చెవిని పడినచో మనవైపున కొనువాడు మఱుమాటాడక వెనుదిరుగును. అక్కడ మాత్రము అది పాత వోల్వో యైనచో, సర్వీసు పుస్తకము చూపుమని చేయి చాచువారు కలరు. ఆ చేయి చాచుటలో అర్ధశతాబ్దికి మించిన విశ్వాస మొకటి యిమిడియున్నది. ఆ విశ్వాసమునకు ఆధార మెంత, అది ఏ కాలపు బండ్లకు వర్తించును, ఏ కాలపు బండ్లకు వర్తింపదు, లక్షల కిలోమీటర్లు తిరుగవలసిన గృహస్థు దానిని నమ్ముకొని సొమ్ము వెచ్చింపవచ్చునా, అను ప్రశ్నలను ఆమూలాగ్రముగ పరిశీలించుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా పేరునుగూర్చిన భ్రమ యొకటి తొలగించుకొనవలయును. తెలుగునాట వోల్వో యన్నంతనే కారు స్ఫురించుట అరుదు. 2001 నుండి మన దేశపు రహదారులపై తిరుగనారంభించిన శీతల బస్సులవలన ఆ పేరు మనకు సామాన్యనామ మైపోయినది. 'బెంగుళూరునుండి వోల్వోలో వచ్చితిమి' అనువారికి తాము ఎక్కిన బస్సు నిజముగ ఏ కంపెనీదో పట్టదు. ఐతే బస్సులు, లారీలు చేయు ఏబీ వోల్వో సంస్థ తన కార్ల విభాగమును 1999లో అమెరికాలోని ఫోర్డు కంపెనీకి అమ్మివేసినది. ఫోర్డు వారు 2010లో దానిని చైనాలోని జీలీ సంస్థకు అమ్మిరి. పేరు ఒక్కటియే, ఇండ్లు వేఱు. కావున మన రాత్రి ప్రయాణపు బస్సు చూపిన ఓర్పును కారునకు ఆరోపించుట న్యాయము గాదు; కారును కారుగనే పరీక్షింపవలయును.

మన్నిక యను మాటలో రెండు వేర్వేఱు గుణములు కలసిపోయియున్నవి. ఒకటి, చెడకుండుట, రెండవది, చెడినపిమ్మట బాగుపడగల్గుట. తాళము త్రిప్పిన ప్రతి యుదయమును బండి మాఱుపలుకక కదలుట మొదటి గుణము. ఇరువదియేండ్లు గడచినను, ఏ భాగము అఱిగినను, ఊరి మెకానిక్కు చేతిలోని సాధారణమైన పనిముట్లతో, గృహస్థు భరింపగల ఖర్చుతో మఱల రోడ్డెక్కుట రెండవ గుణము. జపాను కార్ల కీర్తి ప్రధానముగ మొదటి గుణముపై నిలిచినది; వోల్వో కీర్తి, నిదానించి చూడగా, రెండవదానిపై నిలిచినది. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే, వోల్వో యెన్నడును చెడదని నమ్మి కొన్నవారు నిరాశపడుటయు, ఒకమాఱు చెడగనే దాని పని యైపోయినదని తలచి అయినకాడికి అమ్మివేసినవారు నష్టపోవుటయు జరుగుచున్నది. బాగుపడగల యీ గుణము ఆయా కాలములందు ఎట్లు వృద్ధిపొంది యెట్లు తఱిగినదో కనుగొన్నచో వోల్వో మన్నిక యొక్క చరిత్ర యంతయు చేతికి వచ్చునని నా యభిప్రాయము.

బేరింగులు చేయు ఎస్‌కేఎఫ్ సంస్థ అండతో అస్సార్ గాబ్రియెల్సన్, గుస్తాఫ్ లార్సన్ అను నిరువురు గోథెన్‌బర్గు నగరమున నెలకొల్పిన యీ కంపెనీ నుండి మొదటి కారు 1927 ఏప్రిల్ 14వ తేదీన వెలువడినది. ఆ బండినిగూర్చి కంపెనీవారే చెప్పుకొను వృత్తాంత మొకటి కలదు. లోకమునకు చూపుటకు ముందు దానిని నడిపి చూడబోగా, మొదటి గేరు వేసినను అది వెనుకకే పోయినదట; వెనుక ఇరుసులోని పండ్లచక్రమును తిరుగవేసి బిగించుటయే కారణమని కనిపెట్టి, విప్పి, సరిచేసి, పిమ్మట ముందునకు నడిపించిరట. కంకర బాటలు, నెలల తరబడి మంచు, జనావాసముల నడుమ దీర్ఘమైన దూరములు గల దేశమున బండి నడిత్రోవలో నిలిచిపోవుట ప్రాణాపాయము. కావున భాగములను అవసరమునకంటె ఒక పాలు బలముగ చేయుటయు, విప్పి బిగించుటకు వీలుగ అమర్చుటయు ఆ కంపెనీకి తొలినాటి నుండి అలవడినవి. 1954లో కంపెనీవారు తమ పీవీ కారునకు ప్రమాదనష్టమును సైత మైదేండ్లపాటు భరించు హామీ నిచ్చుటయు, 1965 నుండి స్వీడను ప్రభుత్వము కార్లకు నిర్బంధ తనిఖీలు నడిపించుటయు, కారు బహుకాలము బ్రదుకవలసిన వస్తువను భావమును ఆ దేశీయుల మనస్సులలో పాదుకొల్పినవి.

ఈ భావమునకు లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికాలోని లాంగ్ ఐలండు వాసియైన ఇర్వ్ గోర్డన్ అను బడిపంతులు. ఆయన 1966 జూన్ 30వ తేదీన 4,150 డాలర్లు పోసి ఎఱ్ఱని పి1800ఎస్ కారు నొకదానిని కొనెను. బడికి పోయి వచ్చుటకు దినమునకు సుమారు 125 మైళ్లు నడుపవలసివచ్చెడిది. సెలవులందు ఖండ మంతయు తిరిగెడివాడు. 1987లో ఆ కారు పది లక్షల మైళ్లు పూర్తిచేసెను. 2002లో ఇరువది లక్షలు. 2013 సెప్టెంబరు 18న అలాస్కాలోని రహదారిపై ముప్పది లక్షలు. కిలోమీటర్లలో నిది నలువదియెనిమిది లక్షలు, అనగా భూమధ్యరేఖను నూట యిరువది మాఱులు చుట్టివచ్చినంత దూరము. గోర్డన్ 2018లో మరణించెను. ఒక్క యజమాని చేతిలో అంత దూరము తిరిగిన కారు మఱియొకటి లేదని గిన్నిస్ గ్రంథమున నమోదైయున్నది.

అద్భుతమును చూచి చేతులు జోడించుట సులభము. దానిలోని కారణములను విడదీయుట మనకు ప్రయోజనకరము. ఆ కారులోని బి18 ఇంజను పోత యినుముతో చేసినది, 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల చిన్న యంత్రమునకు సాధారణముగ మూడు ప్రధాన బేరింగులు చాలునని తలచు కాలమున దాని క్రాంకుషాఫ్టునకు ఐదు బేరింగుల ఆధార మిచ్చిరి. కవాటములను నడపు క్యాంషాఫ్టు పండ్లచక్రములతోనే తిరుగును గాని తెగిపోవుటకు బెల్టు లేదు. ఇది యంత్రనిర్మాతల పాలు. గోర్డన్ పాలు ఇంకను పెద్దది: మూడు, మూడున్నర వేల మైళ్లకు ఒకమాఱు ఆయిలు మార్పించుట ఆయనకు సంధ్యావందనమువంటి నియమము. ఇంజను మొదటిసారి పూర్తిగ విప్పి మరమ్మతు చేసినది 6,80,000 మైళ్లకు. ఆయన ప్రయాణములలో అధికభాగము రహదారులపై వేడెక్కిన యింజనుతో సాగిన దీర్ఘయాత్రలు. యంత్రమును ఎక్కువగ అఱుగజేయునది దూరము గాదు, చల్లని యింజనును మాటిమాటికి లేపి, అర కోసు నడిపి, మఱల ఆర్పివేయుట. బలమైన యంత్రము, దీర్ఘమైన దారి, మఱపెఱుగని యజమాని, ఈ మూడును కూడినప్పుడే ముప్పది లక్షలు సాధ్యమైనవి. ఒక్కటి లోపించినను ఆ కారు మూడు లక్షలకే షెడ్డు మూలను చేరియుండెడిది.

అదే వంశపు ఇంజనులు మఱియొక విచిత్రమైన పరీక్షకును నిలిచినవి. 1974లో ఉత్తర కొరియా ప్రభుత్వము స్వీడను నుండి వేయి వోల్వో 144 కార్లను తెప్పించుకొని, నేటివరకు వాని వెల చెల్లింపలేదు. స్వీడను ప్రభుత్వపు ఎగుమతి హామీ సంస్థ ఆ బాకీని లెక్కలలో నిలుపుకొని ఏటేట జ్ఞాపకపత్రములు పంపుచునే యున్నది. ఐతే దశాబ్దులు గడచినపిమ్మటను ప్యాంగ్‌యాంగ్ వీథులలో ఆ కార్లు కొన్ని తిరుగుచుండుటను యాత్రికులు చూచిరి. కంపెనీతో సంబంధము తెగి, విడిభాగములు వచ్చు దారి మూసికొనిపోయిన దేశమున ఒక కారు అంతకాలము బ్రదుకుట ఎట్లు? చేతిపనివారు విప్పి చూచి గ్రహింపగల యంత్రము గనుకనే.

వోల్వో మన్నిక పరాకాష్ఠ నందుకొన్నది 1974 నుండి 1993 వరకు, ఇరువదియెనిమిది లక్షలకు పైగా తయారైన 240 శ్రేణిలో నని అనేకుల యభిప్రాయము, నాదియు నదియే. ఇటుకవంటి ఆకారము గల యీ కారులోని నాలుగు సిలిండర్ల యింజనును, దాని దిమ్మెకు పూసిన రంగునుబట్టి, ఎఱ్ఱ దిమ్మె యని అభిమానులు పిలుతురు. ఇందులో క్యాంషాఫ్టును త్రిప్పునది రబ్బరు బెల్టు. ఐనను సామాన్యముగ వీనిలో బెల్టు తెగినపుడు కవాటములు పిస్టనులకు తగులవు. ఇంజను ఊరక ఆగిపోవును, అంతియే. క్రొత్త బెల్టు వేసినచో బండి మఱల బయలుదేరును. యజమాని మఱపును క్షమించు నీ గుణమే 240 యొక్క రహస్యము. వెనుక చక్రములను త్రిప్పు సాదా అమరిక, జపానులోని ఐసిన్ సంస్థ చేసిన ఆటోమేటిక్ గేరుబాక్సు, బానెటు క్రింద చేయి పట్టునంత విశాలమైన చోటు, ఇవన్నియు దానికి తోడైనవి.

ఐతే ఆ బండ్లును దోషరహితములు కావు. 1980 దశకపు తొలి భాగమున తయారైన వానిలో ఇంజను తీగలపై తొడిగిన పూత కొన్ని సంవత్సరముల వేడికి పెళుసెక్కి, వ్రేలితో తాకినంతనే అప్పడపు ముక్కలవలె రాలి, లోని రాగి బయటపడి, బండి అకారణముగ ఆగుచుండెడిది. ఉప్పు చల్లిన రోడ్లపై తిరిగినవానికి చక్రముల పైయంచులును అడుగు రేకులును తుప్పుపట్టెను. మఱియొక లోపము అర్థగర్భితమైనది: దూరమును లెక్కించు ఓడోమీటరులోని వ్రేలిగోరంత ప్లాస్టికు పండ్లచక్రము కొంతకాలమునకు పొడియై రాలిపోయెడిది. వేగము చూపు ముల్లు యథాప్రకారము లేచి పడుచుండును. అంకెలు మాత్రము కదలవు. బండి ఆగలేదు, లెక్క ఆగినది. అమ్మకమునకు వచ్చిన పాత 240లలో ఎన్నిటి అంకెలు నిజమునకంటె తక్కువయో చెప్పనలవి గాదు. ఆ చిన్న చక్రమును కొద్ది సొమ్ముతో కొనితెచ్చి, డాష్‌బోర్డు విప్పి, ఒక పూటలో తామే మార్చుకొను యజమానులు నేటికిని కలరు. తీగల జడ మార్చుటయు నట్టిదే. దోషము లుండెను గాని దోషములకు మందు చేతికందు దూరమున నుండెను.

1991లో వచ్చిన 850 కారుతో నొక యుగము మాఱినది. అడ్డముగ అమర్చిన ఐదు సిలిండర్ల అల్యూమినియం ఇంజను, ముందు చక్రములకు శక్తి, నూతనమైన భద్రతా సాధనములు, ఇవి ఆ కారును వేగమునందును సౌఖ్యమునందును పూర్వపు బండ్లకంటె ఎంతయో ముందు నిలిపినవి. తెల్ల దిమ్మె యని పేరుపొందిన యీ యింజను స్వభావతః దృఢమైనదే. వేళకు సేవ చేసినచో నాలుగైదు లక్షల కిలోమీటర్లు నడచును. కాని యిది క్షమాగుణము లేని యింజను. ఇందులో బెల్టు తెగెనా, కవాటములు పిస్టనులకు తగిలి వంగును. వందలతో తీఱవలసిన పని వేలకు పోవును.

ఈ యింజనులోని మఱియొక మర్మమును దగ్గఱనుండి చూడదగును. సిలిండర్లలో పిస్టను రింగులను దాటి దిగివచ్చు పొగను, ఆయిలు తుంపురులను వేఱుచేసి మఱల ఇంజనులోనికే పంపుటకు, గాలి లోనికి పోవు గొట్టముల అడుగున ఒక ప్లాస్టికు పెట్టె యుండును. ఆయిలు ఆలస్యముగ మార్చు బండ్లలో నిది మడ్డిపట్టి పూడుకొనిపోవును. అపుడు లోని యొత్తిడికి వెలికిపోవు దారి లేక, క్రాంకుషాఫ్టు వెనుక సీలును చీల్చుకొని ఆయిలు కాఱును. ఆ సీలు మార్చుటకు గేరుబాక్సు నంతయు దింపవలయును. దీనిని ముందుగ కనిపెట్టుటకు మెకానిక్కులు చేయు పరీక్ష చూడ ముచ్చటైనది. ఇంజను నడచుచుండగ ఆయిలు పోయు మూత తీసి, ఆ రంధ్రముపై పలుచని రబ్బరు చేతితొడుగును కప్పుదురు. తొడుగు లోనికి పీల్చుకొనబడి వ్రేలాడినచో దారి శుభ్రముగ నున్నదని యర్థము. ఐదు వ్రేళ్లును ఉబ్బి నిటారుగ లేచి నిలిచినచో బండి చేయెత్తి సహాయము కోరుచున్నదని గ్రహింపవలయును. చౌకయైన యొక పెట్టెను వేళకు మార్చినవాడు లక్షల కిలోమీటర్లు తిరిగెను. మార్పనివాడు, వోల్వోలు పనికిరావని చెప్పుచు తిరిగెను. ఇరువురి బండియు నొక్కటియే.

శతాబ్ది మాఱుచున్న తరుణమున వచ్చిన మార్పు ఇంకను లోతైనది. 1998 నాటి ఎస్80 కారు నుండి దీపములు, తలుపులు, ఇంజను, గేరుబాక్సు అన్నియు చిన్న చిన్న కంప్యూటర్లై తమలో తాము మాటాడుకొనసాగినవి. లోహము అఱుగుటకు ముందే విద్యుత్ పరికరము మొరాయించు కాలము వచ్చినది. 1999 మొదలు రెండు మూడేండ్ల బండ్లలో గాలిని నియంత్రించు ఎలక్ట్రానిక్ థ్రాటిలులోని స్పర్శపట్టీ అఱిగి, నడిరోడ్డుపై వేగము పడిపోవు చిక్కు విస్తారముగ తలయెత్తగా, అమెరికాలో కంపెనీ దాని వారంటీని పదేండ్లు లేక రెండు లక్షల మైళ్లవరకు పొడిగింపవలసివచ్చినది. 2002లో వచ్చిన మొదటి ఎక్స్‌సీ90 కుటుంబములకు మిక్కిలి ప్రియమైన బండి. అందులో టి6 ఇంజనుతో జోడించిన జనరల్ మోటార్స్ వారి గేరుబాక్సు మాత్రము అనేకమైన బండ్లలో లక్ష మైళ్లకు ముందే చేతులెత్తివేసినది. అదే కారులో యమహా వారు చేసిన ఎనిమిది సిలిండర్ల ఇంజను ప్రశస్తమైనదే యైనను, తొలి సంవత్సరముల వానిలో నీరు పోవు సన్నని దారి పూడి, తుల్యతా షాఫ్టు బేరింగు తుప్పుపట్టి, ఇంజను సమూలముగ చెడిన సందర్భములు కలవు. కావున 'వోల్వో మంచిదా?' యను ప్రశ్నకు అర్థము లేదు. ఏ సంవత్సరపుది, ఏ ఇంజనుది, ఏ గేరుబాక్సుది యని యడుగవలయును.

అదే కాలమున, 2001లో, వచ్చిన డి5 అను ఐదు సిలిండర్ల డీజిలు ఇంజను మఱల ఆశను నిలిపినది. స్వీడనులో వి70 కారు టాక్సీగను, పోలీసు బండిగను అహోరాత్రములు తిరిగినది. టాక్సీ యింజను చల్లాఱుట యరుదు గనుక, గృహస్థు చేతిలో పదునైదేండ్లు పట్టు దూరమును అది నాలుగైదేండ్లలోనే గడపి, సక్రమమైన పోషణతో డీజిలు వోల్వో యెంత ఓర్చునో చూపినది. ఐతే డి5కును తన బలహీనతలు కలవు: గాలిని సుడిత్రిప్పు రెక్కల మీట ఊడుట, ఇంజెక్టర్ల చిక్కులు, ప్రక్కనున్న చిన్న బెల్టు చీలి పేలికలై టైమింగు బెల్టులో చిక్కుకొనుట. 2013 తరువాత కంపెనీ తన యింజనులను క్రొత్తగ రూపొందించి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల కుటుంబముపైననే ప్రధానముగ ఆధారపడినది. వానిలో తొలి సంవత్సరముల పెట్రోలు బండ్లు కొన్ని, ఆయిలు తుడుచు రింగులు మడ్డిపట్టుటవలన, ఆయిలును అధికముగ త్రాగుట కనిపించినది. తరువాతి యేండ్లలో రింగులను పిస్టనులను మార్చి సవరించిరి. చిన్న యింజను నుండి పెద్ద బలమును పిండుటలో, వెనుకటి యింజనులకు ఉండిన ఆ ఒక పాలు అదనపు బలము తఱుగుట సహజము.

సాక్ష్యముల మాటయు విచారింపవలసియున్నది. జె.డి. పవర్ వారి విశ్వసనీయతా పరిశీలన మూడేండ్ల బండ్లనుగూర్చినది. అందు ఇటీవలి యేండ్లలో వోల్వో తఱచు సగటుకంటె దిగువననే నిలిచినది. కాని అందులోని ఫిర్యాదులలో తెర స్తంభించుట, ఫోను కలియకపోవుట వంటివి గణనీయమైన భాగము. వానినిబట్టి పదునైదవయేట ఆ బండి గతి యేమో నిర్ణయింపలేము. జర్మనీలోని ట్యూఫ్ తనిఖీ నివేదికలు పదేండ్లు దాటిన బండ్లను గూడ పరీక్షించును గనుక మన ప్రశ్నకు కొంత దగ్గఱవి. ఐనను తనిఖీకి తెచ్చుటకు ముందే మరమ్మతు చేయించిన యజమాని శ్రద్ధ, బండి గుణముగ లెక్కకు వచ్చుచుండును. రెండు లక్షల మైళ్లు దాటు బండ్లను లెక్కించు పట్టికల శిరోభాగమున టొయోటా, హోండా బండ్ల పేర్లు తఱచు కనబడుచున్నవి. ఇక యజమానుల మాటలు. నాలుగు లక్షలు తిరిగిన బండి గలవాడు గర్వముతో చెప్పుకొనును. లక్షకే పాత యినుపసామానుల వానికి ఒప్పగించినవాడు మఱచిపోవును. బ్రదికినవారి సాక్ష్యమే మనకు చేరును. ఇవన్నియు తూచి చూడగా నాకు తోచునది యిది: చెడకుండుటలో వోల్వో అగ్రగణ్యము కాదు, గతములోను పూర్తిగ కాదు; బాగుపడగల్గుటలో 1993 వరకు దానికి సాటి చాల తక్కువ, తరువాత ఆ యాధిక్యము క్రమముగ తఱిగినది.

దూరముతోపాటు కాలమును, వాతావరణమును లెక్కింపవలయును. దూరము లోహమును తినును. కాలము రబ్బరును ప్లాస్టికును తినును. ఐదేండ్లలో రెండు లక్షలు తిరిగిన బండికంటె, ఇరువదియేండ్లలో ఎనుబదివేలు మాత్రమే తిరిగి నీడపట్టున నిలిచిన బండిలో గొట్టములు, సీళ్లు, బుషులు, బెల్టులు అధ్వాన్నముగ నుండవచ్చును. స్వీడనులో బండికి శత్రువు తుప్పు. తెలుగునేలపై శత్రువు ఎండ. వేసవిలో రామగుండమునను విజయవాడయందును నలువదియైదు డిగ్రీలలో ఎండిన బండికి రేకులు చెక్కుచెదరవు. రేడియేటరు ప్లాస్టికు తొట్లు, శీతలయంత్రపు గొట్టములు, ఇంజనును మోయు రబ్బరు దిమ్మెలు మాత్రము ముందుగ లొంగును. దుమ్ము గాలి ఫిల్టరును, గుంతలు సస్పెన్షను బుషులను, నిలిచి కదలు నగర రద్దీ గేరుబాక్సు ఆయిలును త్వరగ ముసలివానిగ చేయును. చలిదేశమునకు వ్రాసిన సర్వీసు గడువులను మనవారు అక్షరాల పాటించుట తగదు; కొంత ముందుగనే చేయించుట మేలు.

ఈ సందర్భమున 'జీవితకాలపు ఆయిలు' అను మాటనుగూర్చి గట్టిగ చెప్పవలసియున్నది. గేరుబాక్సులోని ఆయిలును మార్పనక్కఱలేదని అనేక కంపెనీలవలె వోల్వోయు చాలకాలము చెప్పుచువచ్చినది. ఎవరి జీవితకాలము? వారంటీ తీఱువరకు చాలు ఆయిలు మూడు లక్షల కిలోమీటర్లకు చాలదు. ఎనుబదివేలనుండి లక్ష కిలోమీటర్లకు ఒకమాఱు గేరుబాక్సు ఆయిలు, నాలుగు చక్రములకు శక్తినిచ్చు బండ్లలో వెనుక హాల్డెక్స్ అమరికలోని ఆయిలును దాని జల్లెడయు మార్పించుట, గడువు తీఱకముందే టైమింగు బెల్టును దానితోపాటు నీటి పంపును మార్పించుట, ఇంజను ఆయిలును పుస్తకములో వ్రాసిన గడువులో సగమునకే మార్పించుట, ఈ నాలుగు పనులు బండి ఆయువులో అధికభాగమును నిర్ణయించును. ఇందు ఏదియు మహాశాస్త్రము కాదు. ఐనను దీర్ఘకాలము ఎడతెగక చేయుట కష్టము. రెండవ యజమాని, మూడవ యజమాని చేతికి వచ్చునప్పటికి ఈ గొలుసు ఎక్కడనో తెగుచున్నది. అక్కడనే బండి ఆయువు తీఱుటకు ఆరంభము.

కారు చచ్చుట యనగా యంత్రము చచ్చుట కాదు; మరమ్మతు ఖర్చు బండి వెలను మించిన దినమున అది చచ్చును. ఈ లెక్క దేశమునుబట్టి మాఱును. అమెరికాకు చదువులకు పోయిన మన పిల్లలు మొదటి పాత కారు కొనునప్పుడు, ముందు పోయిన అన్నలు అక్కలు ఇచ్చు సలహా క్యామ్రీయో, సివిక్కో తీసికొమ్మనునదే. చేతిలో డబ్బు తక్కువై, బండి పట్టించుకొను తీఱిక లేని యా దశలో ఆ సలహా నిక్కముగ మంచిది. వారే సంసారులై, పిల్లలను వెనుక సీటున కూర్చుండబెట్టు వేళకు, 1959లో మూడు బిందువుల సీటు బెల్టును లోకమునకు తెచ్చిన యీ కంపెనీ బండిపై మనసు పడుట కలదు. భద్రతకొఱకు కొన్న బండిని మన్నికకొఱకు పోషింపవలసిన బాధ్యత అప్పుడు వారిపై పడును. అక్కడ స్వతంత్ర మెకానిక్కులు, పాత బండ్ల భాగములు అమ్మువారు విస్తారముగ నున్నారు గనుక అది సాధ్యమే. మన దేశమున వోల్వో కార్లు 2007లో మాత్రమే అడుగిడినవి; 2017 నుండి బెంగుళూరు చెంత కొన్నిటిని కూర్చుచున్నను, బండ్ల సంఖ్య స్వల్పము, అధీకృత కేంద్రములు పెద్ద నగరములకే పరిమితము, భాగములు దిగుమతివి. అందుచేత ఇక్కడ పాత వోల్వో వెల కొనునప్పుడు ఆకర్షణీయముగ కనబడినను, దానిని దీర్ఘకాలము పోషింపదలచినవాడు తన ఊరికి చేరువలో ఆ బండి తెలిసిన చేయి యున్నదా యని ముందు విచారించుకొనవలయును.

రాబోవు కాలము విద్యుత్ బండ్లది. 2024 తొలినాళ్లలో వోల్వో తన కడపటి డీజిలు కారును తయారుచేసి ఆ యధ్యాయమును ముగించినది. విద్యుత్ మోటారులో అఱుగు భాగములు బహు కొద్ది. టైమింగు బెల్టు లేదు, ఆయిలు పెట్టె లేదు, పూడుకొనిపోవు గొట్టము లేదు. బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ నిచ్చుచున్నారు. పైకి చూడ నిది దీర్ఘాయువునకు శుభసూచకమే. ఐనను ఈఎక్స్90 కారు విడుదల సాఫ్ట్‌వేరు పూర్తికాక ఆలస్యమగుట మనకొక విషయమును బోధించుచున్నది: ఇకమీదట బండి ఆయువు లోహము చేతిలో కంటె లిఖితమైన ఆజ్ఞల చేతిలో ఎక్కువగ నుండును. పదునెనిమిదవయేట ఆ బ్యాటరీ పెట్టెను విప్పి చెడిన భాగమును మాత్రము మార్చువీలుండునా, ఆ కంప్యూటరును స్వతంత్ర మెకానిక్కు తెఱచి చూడగలుగునా, అనునవియే 240 యజమాని మనుమనికి ముఖ్యమగు ప్రశ్నలు. వీనికి అవునని సమాధానము చెప్పగల కంపెనీయే వెనుకటి వోల్వో కీర్తికి వారసురాలగును, పేరు ఏదైనను సరే.

ఇంతకును మొదట స్వీడను కొనుగోలుదారు చాచిన చేతి యొద్దకు మఱల వత్తము. మిల్‌ల సంఖ్య వినియు అతడు వెనుదిరుగక సర్వీసు పుస్తకము నడుగుటలో లోకజ్ఞానము కలదు. ఓడోమీటరు అంకె, లోని ప్లాస్టికు చక్రము రాలినచో, అబద్ధము చెప్పును. పైపూత మెఱుగు అబద్ధము చెప్పును. అమ్మువాని నోరు చెప్పుట యుండనే యున్నది. తేదీలు, కిలోమీటర్లు, మార్చిన భాగముల పేర్లు వ్రాసిన బిల్లుల కట్ట, అంచులు నలిగి, ఆయిలు మరకలు పడి, సీటు ముందరి అఱలో పదిలముగ నున్నచో, అదియే ఆ బండికి నిజమైన జాతకము. అట్టి కట్ట గల మూడు లక్షల కిలోమీటర్ల వోల్వోను నేను నిస్సంకోచముగ కొనుమందును. కట్ట లేని లక్ష కిలోమీటర్ల వోల్వోను, వెల సగమైనను, వలదందును. ఆ మొదటి బండి వెనుకకు పోయిననాడు దానిని విప్పి ముందునకు నడిపిన చేతులు గోథెన్‌బర్గువి. అటుపిమ్మట ప్రతి వోల్వోను ముందునకు నడిపించు చేతులు దాని యజమానివి.